ఇంటిపట్టున వ్యాయామం: మొదలుపెట్టేదెట్లా?
(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువుల గురించి, వివాహాల ఖర్చుల గురించి పెద్దలు మాట్లాడారు. నేను దేహం గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాను. ఇంటిపెద్దకు పక్షవాతం వస్తే పిల్లవాడి చదువు ఆగుతుంది, ఆడపిల్ల పెండ్లికి దాచిన డబ్బు ఆసుపత్రికి పోతుంది. కనుక ఇది కూడా సంక్షేమం విషయమే.

మన ఎర్రుపాలెం చుట్టుపక్కల పాతతరం వాళ్ళకు వ్యాయామం అనే మాటతో పని లేకపోయింది. నాట్లు వేయడం, మిరపకాయలు కోయడం, మైళ్ళకొద్దీ నడవడం, ఇదే వాళ్ళ కసరత్తు. ఇప్పుడు మనలో చాలామంది దుకాణంలోనో, కుట్టుమిషను ముందో, ఆటో సీటులోనో పొద్దంతా కూర్చునేవాళ్ళమే. తిండి మాత్రం తగ్గలేదు. దేశంలో 10 కోట్లమందికి పైగా చక్కెర వ్యాధి ఉన్నదని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో లెక్క తేల్చింది.

కూర్చునే పనికీ గుండెకూ ఉన్న సంబంధం కొత్తగా తెలిసింది కాదు. 1953లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండను రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించాడు. రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగి టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని తేలింది. ఒకటే బస్సు, ఒకటే ఊరు. ప్రధానమైన తేడా కాళ్ళ కదలికలోనే ఉన్నది.

వ్యాయామం అనగానే మనవాళ్ళకు తాలీంఖానా, గదలు, పహిల్వాన్లు గుర్తుకొస్తారు. గామా పహిల్వాన్ 1910లో లండను వెళ్ళి జిబిస్కో అంతటివాణ్ణి రెండున్నర గంటలు నిలవరించాడు. 1928లో పటియాలాలో అదే జిబిస్కోను నిమిషంలోపే పడగొట్టాడు. మన వీరఘట్టం బిడ్డ కోడి రామమూర్తి నాయుడుగారు విజయనగరంలో వ్యాయామం నేర్పి, బలప్రదర్శనలతో దేశమంతా పేరు తెచ్చుకున్నారు. గామా బలానికి పునాది బస్కీలు, దండీలు. వాటికి పైసా ఖర్చు లేదు. అయితే ఆయన వేలకొద్దీ తీసేవాడని విని మొదటిరోజే వంద తీస్తే, రెండోరోజు మంచం దిగలేం, మూడోరోజు మానేస్తాం. మొదలుపెట్టేవాళ్ళలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

కాబట్టి కొంచెంతో మొదలుపెట్టండి. నాలుగు పనులు చెబుతాను.

ఒకటి, కుర్చీ బస్కీ. గట్టి కుర్చీని గోడకు ఆనించి, చేతులు రొమ్ముకు కట్టుకుని, మెల్లగా కూర్చుని లేవాలి. ఎనిమిదిసార్లు. లేవలేకపోతే తొడలమీద చేతులు మోపినా తప్పులేదు.

రెండు, గోడ దండీ. చేతులు చాచినంత దూరంలో నిలబడి, అరచేతులు గోడకు ఆనించి, మోచేతులు వంచుతూ గోడమీదికి వాలి మళ్ళీ వెనక్కి రావాలి. ఇది కూడా ఎనిమిదిసార్లు.

మూడు, గోడ పట్టుకుని మడమలెత్తి మునివేళ్ళమీద నిలబడి దిగడం, పదిసార్లు.

నాలుగు, చాపమీద వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు ముడిచి, నడుము పైకెత్తి దించడం, ఎనిమిదిసార్లు.

అంతా కలిపి పది నిమిషాలు పట్టదు. రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు చాలు. మిగిలిన రోజుల్లో పది నిమిషాలు నడవండి. వాకిట్లోనైనా సరే, డాబామీదనైనా సరే. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. వేగానికి అదే కొలత. రెండు వారాలు గడిచాక అదే వరుస రెండుసార్లు చేయండి. తేలికనిపిస్తే కుర్చీకి బదులు పొట్టి స్టూలు, గోడకు బదులు గట్టి బల్ల అంచు. వారానికి కనీసం 150 నిమిషాలు నడకలాంటి ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాల పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అది చేరవలసిన ఊరు. అక్కడిదాకా చేరలేకపోయినా, అసలు చేయకపోవడం కంటే కొంచెం చేయడం మేలని ఆ సంస్థే చెప్పింది.

ఇందువల్ల లాభమేమిటంటారా? పనిచేసే కండరం రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. అందుకే భోజనం తర్వాత పది నిమిషాల నడక చక్కెర రోగికి ఎంతో మేలు. తొడ కండరం గట్టిపడితే మోకాలిమీద భారం తగ్గుతుంది. నేడు మసీదులో కుర్చీ వేసుకుని నమాజు చదివేవాళ్ళను చూస్తున్నాం. అందరికీ కాకపోయినా, వాళ్ళలో కొందరికి ఈ కుర్చీ బస్కీ అక్కరకొస్తుంది.

అక్కచెల్లెళ్ళు అడుగుతారు: "పొద్దున లేచింది మొదలు ఇంటిపనేగా భాయీ, ఇంకా కసరత్తు ఎందుకు?" ఇంటిపని కదలికే, కాదనను. కానీ అందులో వంగడం ఎక్కువ, తొడలకూ వీపుకూ క్రమంగా బలం పెంచే పని తక్కువ. తలుపు వేసుకుని నాలుగు గోడల మధ్య చేసుకోవచ్చు కనుక ఇది మీకే ఎక్కువ అనువు. ఆ పది నిమిషాలు పిల్లల్ని చూసుకోవడం మగవాళ్ళ బాధ్యత. మన నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగులో ప్రపంచ విజేత అయ్యింది. ఆమెను మొదట మైదానానికి తీసుకెళ్ళింది తండ్రి.

జాగ్రత్తలు కూడా వినండి. గుండెజబ్బు, రక్తపోటు, చక్కెర ఉన్నవాళ్ళు, గర్భిణులు ముందు డాక్టరును అడగాలి. ఊపిరి బిగబట్టవద్దు. ఇన్సులిన్ తీసుకునేవారు జేబులో బెల్లంముక్కో, చక్కెరో ఉంచుకోవాలి. చక్కెర రోగులు వట్టికాళ్ళతో నడవరాదు. కండరాలు ఒకటి రెండు రోజులు నొప్పిపెట్టడం మామూలే. కీలులో పోటు వస్తే మానండి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం అయితే వెంటనే ఆపి ఆసుపత్రికి పోవాలి. మన ఖమ్మం ఎండలు తెలిసినవే. వేసవిలో ఫజర్ తర్వాతనే ముగించండి. రంజానులో ఇఫ్తారు అయిన గంటా రెండు గంటల తర్వాత తేలికగా చేస్తే సరిపోతుంది.

ఒకరోజు తప్పితే మరునాడు మళ్ళీ పట్టుకోండి. పోయినరోజు లెక్క కలిపి చేయవద్దు. గోడమీది క్యాలెండరులో చేసిన రోజుకు గీత గీసే పని ఇంట్లో పిల్లవాడికి అప్పగించండి. వాడు ఊరుకోడు, మనల్ని ఊరుకోనివ్వడు.