ఫైలు దగ్గరికి మనమే వెళదాం
(వాడరేవులో జరిగిన వార్షిక సమావేశ ప్రసంగ పాఠం)



మీరిచ్చిన జకాత్, సదఖా సొమ్ముకు ఏటా ఈ సభలో లెక్క చెబుతున్నాం. ఈసారి మా దగ్గరున్న మరో అమానత్ గురించి కూడా చెప్పాలి. అవి మన ఆఫీసు కంప్యూటర్‌లోని ఫైళ్లు.

భర్తను కోల్పోయిన తల్లుల ఆధార్ కాపీలు, స్కాలర్‌షిప్ అడిగిన పిల్లల బ్యాంకు పాసుపుస్తకాలు, రోగుల రిపోర్టులు అందులో ఉన్నాయి. మీ వివరాలూ ఉన్నాయి. దాతలకు 80జి రాయితీ అందాలంటే వారి పేరు, చిరునామా, పాన్ వంటి వివరాలతో ఫారం 10బిడి దాఖలు చేయాలన్న నిబంధన 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి వచ్చింది.

ఈ పని చూసేవారంతా స్వచ్ఛంద సేవకులే. పగలు ఎవరి ఉద్యోగం, వ్యాపారం వారిది. చీరాల, బాపట్ల, తెనాలిలో ఉండేవారు రోజూ వాడరేవు రాలేరు. ఇషా నమాజు తర్వాత ఇంట్లో కూర్చుని, రిమోట్ యాక్సెస్ ద్వారా ఆఫీసు కంప్యూటర్‌ను తెరుస్తారు. ఆఫీసు తెర ఇంటి తెర మీద కనిపిస్తుంది.

విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌లో కనెక్ట్ అయ్యే ముందు ఇంటి డ్రైవ్‌ను జత చేసుకుంటే, ఆఫీసు ఫైలును ఇంటికి కాపీ చేసుకోవచ్చు. చాలా సులువు. చిక్కు కూడా అక్కడే ఉంది. ఒకే ఫైలు రెండవుతుంది. ఒకదానిలో అమ్మాయి కాలేజీ ఫీజు కట్టినట్టు, మరోదానిలో బాకీ ఉన్నట్టు కనిపిస్తే ఏది నమ్మాలి? పైగా ఇంటి కంప్యూటర్‌తో పిల్లలు ఆడుకుంటారు, అది రిపేరు షాపుకూ వెళుతుంది. ఒక పేదరాలి ఆధార్ కాపీ అక్కడిదాకా పోకూడదు.

అందుకే మేము పెట్టుకున్న పద్ధతి ఇది. ఫైలును ఇంటికి తెచ్చుకోం, ఫైలు ఉన్నచోటే పనిచేసి వస్తాం. డ్రైవ్ జత చేయడం ఆపి ఉంచుతాం. ఆడిటర్‌కు పంపడం వంటి అవసరం వచ్చి ఫైలు బయటికి తీస్తే, దానికి పాస్‌వర్డ్ పెడతాం. పని కాగానే సరిచేసిన ఫైలును ఆఫీసులో చేర్చి, ఇంటి కాపీని రీసైకిల్ బిన్‌తో సహా తొలగిస్తాం. రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టం, వీపీఎన్ ద్వారానే లోపలికి వెళతాం. ఎవరి లాగిన్ వారిదే. బాధ్యత నుంచి తప్పుకున్నవారి లాగిన్ ఆ రోజే తీసేస్తాం.

ఆఫీసులో కరెంటు పోతే రిమోట్ యాక్సెస్ కూడా ఆగిపోతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. సముద్రం ఒడ్డున ఉన్న మనకు ఆ భయం ఎప్పుడూ ఉంటుంది. అందుకే ఫైళ్ల నకలును పాస్‌వర్డ్‌తో భద్రపరచిన హార్డ్ డిస్క్‌లో, తీరానికి దూరంగా ఉంచాలి. ఒక మంచి యూపీఎస్, రెండు హార్డ్ డిస్కులు ఈ ఏడాది మన అవసరం. దాతలు దయచేసి గమనించండి.

మీకూ ఒక మనవి. సంఘం పేరు చెప్పి ఎవరైనా ఫోన్‌చేసి, రసీదు పంపుతాం, ఫలానా యాప్ వేసుకోండి, అందులోని కోడ్ చెప్పండి అంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. ఎనీడెస్క్ పేరుతో జరుగుతున్న ఇలాంటి మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. యాప్ మంచిదే అయినా, కోడ్ చెప్పి అనుమతి ఇస్తే మీ ఫోన్ మోసగాడి చేతిలోకి పోతుంది. మేము ఎన్నడూ అలా అడగం. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

సొమ్ముకు లెక్క అడిగినట్టే, మీ వివరాలు ఎక్కడున్నాయో, ఎవరు చూస్తున్నారో కూడా మమ్మల్ని అడగండి. అది మీ హక్కు, చెప్పడం మా బాధ్యత.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.