ఐదు స్పీకర్లు, ఒక మాట
(బడంగ్‌పేట్‌లో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మనం సాధారణంగా పింఛను బకాయిల గురించి, కరువు భత్యం గురించి, లైఫ్ సర్టిఫికెట్ గురించి మాట్లాడుకుంటాము. హోమ్ థియేటర్ రిసీవర్ మీదున్న ఒక మీట గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు ముందు నవ్వారు. తరువాత "మా ఇంట్లోనూ అదే గొడవండీ" అన్నారు. ఆ ధైర్యంతో మొదలుపెడుతున్నాను.

నేను టెలిఫోన్ శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి 2008లో పదవీ విరమణ చేశాను. రెండేళ్ళ క్రితం మా అబ్బాయి, "నాన్నా, ఇక మీరు హాయిగా సినిమాలు చూసుకోండి" అని రిసీవరు, ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు కొనిచ్చాడు. అమర్చడానికి వచ్చిన కుర్రవాడు రిమోటు నొక్కి ఐదు స్పీకర్లూ ఒక్కసారిగా మోగించి, "సార్, పెట్టిన డబ్బుకు అన్నీ మోగాలి కదా" అన్నాడు. నాకూ న్యాయంగానే తోచింది.

ఆ వారం నుంచే ఇంట్లో రగడ మొదలైంది. మా శ్రీమతి సీరియల్ చూస్తూ ప్రతి రెండు నిమిషాలకూ "ఏమన్నాడండీ?" అని అడిగేది. నేను సౌండు పెంచేవాణ్ణి. పెంచితే పాట వచ్చినప్పుడు కిటికీ అద్దాలు అదిరేవి. ఒకరోజు విసుగెత్తి, వాళ్ళ చెల్లెలి ముందే "నీకు చెవులు పోయాయి, డాక్టరుకు చూపించుకో" అన్నాను. ఆమె బదులు చెప్పలేదు. మరునాటి నుంచి హాల్లోకి రావడం మానేసింది. వంటింట్లో పాత రేడియో పెట్టుకుని కూర్చునేది.

నెలరోజులు అలా గడిచాక ఒక సాయంత్రం మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. రేడియో నాకే సరిగా వినిపించనంత తక్కువలో మోగుతోంది. ఆవిడ వార్తలు వింటూ, "ఉల్లిగడ్డ ధర మళ్ళీ పెరిగిందట" అంది. అరచేతంత స్పీకరు ఒక్కటి, సౌండు అంత తక్కువ, అయినా ఒక్క మాటా పోవడం లేదు! మరి చెవులు పోయిందెవరికి?

అప్పుడు నా ఉద్యోగం గుర్తుకొచ్చింది. మన పాత టెలిఫోను తీగ మోసినది 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకు మాత్రమే. ఆ సన్నని సందులోంచే దేశమంతా మాట్లాడుకుంది. మాట అర్థం కావడానికి ఘనమైన శబ్దం అక్కరలేదు, చెదరకుండా వస్తే చాలు. మా హాల్లో జరిగింది సరిగ్గా దానికి వ్యతిరేకం. ఒకే మాట ఐదు మూలల నుంచి వస్తోంది. శబ్దం అడుగు దూరం నడవడానికి సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది. దూరాలు వేరు కాబట్టి ఆ ఐదూ వెనకా ముందుగా చెవిని చేరతాయి. పైగా కింద నున్నటి టైల్స్, తెరలు లేని కిటికీలు. అచ్చులు నిలుస్తాయి, సకారం, తకారం వంటి సన్నని హల్లులు అలుక్కుపోతాయి.

మాన్యువల్ తీసి చదివాను. మన కుర్రవాడు పెట్టి వెళ్ళినది "ఆల్ ఛానల్ స్టీరియో". అది పదిమంది చుట్టాలు వచ్చినప్పుడు ఇల్లంతా పాట వినిపించడానికి పనికివచ్చేది. "హాల్", "జాజ్ క్లబ్" అన్నవి లేని ప్రతిధ్వనిని కలిపేవి. ఇక ఆ స్థాయిలో మన సీరియల్ అత్తగారు గుహలోంచి మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

మనకు కావలసినవి నిజానికి మూడే. సంగీత కచేరీకి "స్టీరియో" లేదా "డైరెక్ట్". 5.1గా తయారైన సినిమాకు దాన్ని ఉన్నదున్నట్టు వదిలేసే పద్ధతి. అందులో మాటలు చాలావరకు మధ్య స్పీకరుకే ఇస్తారు. రెండు ఛానళ్ళలో వచ్చే పాత సినిమాకు, సీరియల్‌కు "డాల్బీ సరౌండ్". పాత పెట్టెల్లో "ప్రో లాజిక్" అని ఉంటుంది. కుడి ఎడమలలో ఒకేలా ఉన్న శబ్దాన్ని, అంటే ఎక్కువగా మాటనే, అది మధ్య స్పీకరుకు పంపుతుంది.

ఉదాహరణకు "మాయాబజార్". 1957 నాటి అసలు చిత్రం మోనో. 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు శబ్దాన్ని కూడా డీటీఎస్ 5.1కి మార్చారు. ఒకే సినిమా, రెండు ప్రతులు. మీట మాత్రం వేరు వేరుగా నొక్కాలి. ఏ ప్రతి వస్తోందో రిసీవరు ముందు పలకే చెబుతుంది. అక్కడ ఎప్పుడూ "పీసీఎం" అనే కనిపిస్తే సెట్‌టాప్ బాక్సు మెనూలో ఆడియోను "బిట్‌స్ట్రీమ్"కు మార్చి చూడండి.

మధ్య స్పీకరు మా ఇంట్లో షోకేసు కింది అరలో, మోకాళ్ళ ఎత్తున, బొమ్మల వెనకాల ఉండేది. దాన్ని టీవీ కిందికి, అంచు దాకా జరిపాను. టేపుతో దూరాలు కొలిచి ఎక్కించాను. మైకు పెట్టి తనంతట తానే సరిచేసుకునే ఏర్పాటు ఉంది గాని, మొదటిసారి చేసినప్పుడు వంటింట్లో మిక్సీ తిరుగుతోంది, కాబట్టి అది చెప్పిన లెక్క అంతా తప్పు. రెండోసారి తెల్లవారుజామున చేశాను. మధ్య స్పీకరును మూడు డెసిబెల్స్ పెంచాను. నేలమీద జంపుఖానా పరిచాము. రాత్రిపూట "నైట్ మోడ్" పెడతాను. పేలుళ్ళు తగ్గి, గుసగుసలు పైకి వస్తాయి.

అసలు సంగతి ఇప్పుడు చెప్పాలి. అన్నీ సరిచేసి ఆవిడను పిలిచి కొత్త సినిమా ఒకటి పెట్టాను. ఆవిడ తాపీగా చూస్తోంది. పక్కనున్న మనవణ్ణి "ఏమన్నాడురా?" అని అడిగింది నేను. ఇద్దరం చెవుల డాక్టరు దగ్గరకు వెళ్ళాము. ఆవిడ కాగితం మీద గీత దాదాపు చదునుగా ఉంది. నాది 2000 హెర్ట్జ్ దాటగానే కిందికి జారింది. మరి ఇన్నాళ్ళూ నాకెందుకు తెలియలేదు? నేను చూసేవన్నీ పాత సినిమాలే. ఘటోత్కచుడి మాటలు నాకు కంఠతా వచ్చు. విన్నాననుకున్నది జ్ఞాపకం చేసుకుంటున్నాను, అంతే.

వాళ్ళ చెల్లెలు మళ్ళీ వచ్చినప్పుడు, ఆవిడ ముందే ఆ రెండు కాగితాలూ చూపించాను. మా ఆవిడ, "అక్కడ పెట్టి భోజనానికి రండి" అంది.

ఇప్పుడు నాకు వినికిడి యంత్రం ఉంది. రేడియో మాత్రం వంటింట్లోనే ఉంది, ఆవిడ దాన్ని వదలనంటోంది. మీలో ఎవరింట్లోనైనా ఈ పెట్టె ఉండి మాట వినిపించకపోతే, సభ ముగిశాక నాకు చెప్పండి. ఆదివారం ఉదయం టేపు పట్టుకుని వస్తాను. ఆ గంటసేపు మిక్సీ మాత్రం ఆపించండి.

సెలవు.