పలాస - ఉద్దానపు ముంగిలి

ఒడిశా సరిహద్దు దాటి, ఇచ్ఛాపురం మీదుగా దక్షిణమునకు వచ్చు రైలుబండి పలాసలో ఆగగానే మనకు ముందు వినబడునది జీడిపప్పు అమ్మువారి కేక. కొండపల్లి అనగా బొమ్మ, ఉప్పాడ అనగా చీర గుర్తుకు వచ్చినట్లే పలాస అనగా జీడిపప్పు గుర్తుకు వచ్చును. కాని ఆ పప్పు ఏ నేలలో పండినదో, ఆ నేలను నమ్ముకొన్నవారు ఎట్లు జీవించుచున్నారో ఎరుగక ఆ ఊరిని ఎరిగినట్లు కాదు.

పడమట తూర్పు కనుమలు. వాటిలో ఒడిశా వైపున 1,501 మీటర్ల ఎత్తున నిలిచిన మహేంద్రగిరి. తూర్పున బంగాళాఖాతము. కొండకును కడలికిని నడుమ సన్నని మైదానము. హౌరా-చెన్నై రైలుమార్గమునకు, జాతీయ రహదారికి దారి ఈ ఇరుకుననే దొరకినది. ఆ దారిలోనివే పలాస, దానితో కలిసిపోయిన కాశీబుగ్గ. నేడీ రెండింటికిని పురపాలక సంఘము ఒక్కటే. నైరుతిన టెక్కలి, ఈశాన్యమున మందస, సోంపేట కలవు. ఇచటినుండి సముద్రపుటొడ్డు వెంబడి ఇచ్ఛాపురము వరకు వ్యాపించిన తోటల సీమయే ఉద్దానము. ‘ఉద్యానము’ అను మాటయే వాడుకలో ఉద్దానమైనదని చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస ఇక్కడి ఇసుకనేలకు సొమ్ములు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమగువరకు ఈ సీమ గంజాం జిల్లాలోనిది. ఆ విభజనలో పర్లాకిమిడి పట్టణము ఆవలికి పోయినది. టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ఈవల మిగిలి విశాఖపట్టణం జిల్లాలో చేరినవి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడినది. సరిహద్దు గీత మారినను రాకపోకలు మారలేదు. టెక్కలి చెంతనున్న నౌపడా నుండి పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్నరైలు మార్గము, 2011లో పెద్దరైలు మార్గమై, నేటికిని రెండు రాష్ట్రములను కలుపుచునే యున్నది. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగినది. అదే సంవత్సరము మందస జమీందారీలో అడవి హక్కులకై నిలిచిన రైతులపై కాల్పులు జరుగగా, ప్రజలు నేటికిని వీరగున్నమ్మయని తలచుకొను సాసుమాను గున్నమ్మ నేలకొరిగినది.

ఇక జీడిమామిడి మన నేలలో పుట్టిన చెట్టు కాదు. పదునారవ శతాబ్దిలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుండి మన పశ్చిమతీరమునకు తెచ్చిరి. వరి పండని ఇసుకలో అది పండినది. పలాస కర్మాగారములలో పిక్కను కాల్చియో, ఆవిరిపట్టియో పగులగొట్టి, పప్పును ఆరబెట్టి, పైపొర తీసి, పరిమాణమును బట్టి వేరుచేయుదురు. ‘320 రకము’ అనగా ఒక పౌనుకు సుమారు అన్ని గింజలు తూగునని అర్థము. అంకె తగ్గినకొలది గింజ పెద్దది, ధర హెచ్చు. ఈ పని చేయువారిలో అధికులు స్త్రీలు. పిక్క పెంకులోని జీడి చేతులను కాల్చును. అయినను పప్పు విరుగకుండ తీయవలెను. ఉద్దానపు పిక్క చాలక వర్తకులు ఆఫ్రికా దేశముల నుండియు పిక్కను తెప్పింతురు. కనుక 80 కిలోల బస్తాకు తన ఊరిలో రైతు ఆశించు ధర దూరదేశపు పంటతో పోటీపడవలసి యున్నది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపముననే తీరము దాటినది. గంటకు సుమారు 140, 150 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి తాతలు నాటిన కొబ్బరిచెట్లు, జీడితోటలు ఒక్క పూటలో కూలినవి. వరి పోయినచో మరుసటి యేడు మరల వేయవచ్చును. తోట పోయినచో మొక్క చెట్టై కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. అందాక ఇల్లు గడచుట ఎట్లు? ఎందరో వలసదారి పట్టిరి.

తుపాను కంటికి కనబడు కష్టము, కనబడనిది మరియొకటి. రెండు దశాబ్దులకు పైగా ఉద్దానమును మూత్రపిండముల వ్యాధి పీడించుచున్నది. మధుమేహము, రక్తపుపోటు లేనివారికి సైతము ఇది వచ్చుచున్నది. నీరా, ఎండలో శ్రమయా, మరియొకటియా, కారణము ఇదమిత్థమని శాస్త్రజ్ఞులు నేటికిని తేల్చలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, వ్యాధి పరిశోధన కేంద్రము ప్రారంభమైనవి. హిరమండలం జలాశయము నుండి వంశధార నీటిని ఉద్దానపు పల్లెలకు చేర్చు పథకమును ఆనాడే ప్రారంభించిరి.

ఇసుకను తోటగా మార్చిన చేతులు ఇక్కడివి. కూలిన తోటలలో అవి మరల మొక్కలు నాటినవి. ఆ మొక్కలు పెరుగునందాక ఆ చేతులకు బలముండవలెను; అందులకు మంచినీరు, వైద్యము, న్యాయమైన ధర కావలెను. పలాసలో రైలు ఆగినపుడు జీడిపప్పు పొట్లము కొనుచు, దానిని విరుగకుండ తీసిన చేతులను కూడ మనమొకసారి తలచుకొందము.