ఒకటా, రెండా? - ఒక పాత ఎం.జి.ఎ. కారు, దాని కార్బురేటర్లు



నేను ఈ.ఎం.ఈ.లో వెహికల్ మెకానిక్‌గా చేరి, సుబేదార్‌గా 2016లో రిటైరైనవాణ్ణి. చదువు ఇంటర్‌తో ఆగింది, ఉపన్యాసాలు రావు. కార్యదర్శిగారు "మీకు తెలిసిందే చెప్పండి సాబ్" అన్నారు. నాకు తెలిసింది కార్బురేటర్. ఇప్పటి కుర్రాళ్లలో చాలామంది దాన్ని విప్పి చూసి ఉండరు గనక, నేను చేసిన ఒక పొరపాటుతో కలిపి చెబుతాను.

రిటైరైన రెండేళ్లకు తిరుమలగిరి నుంచి ఒక కల్నల్ సాబ్ కబురు పెట్టారు. వాళ్ల నాన్నగారి కారు, 1958 నాటి ఎం.జి.ఎ., ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉంది. బానెట్ ఎత్తగానే నాకు చుట్టం ఎదురైనట్టయింది. 1489 సి.సి. బి-సిరీస్ ఇంజన్! మన స్టాఫ్ కార్లుగా తిరిగిన అంబాసిడర్లదీ ఇదే కుటుంబం. అంబాసిడర్‌కు ఒక్క ఎస్.యు. కార్బురేటర్ ఉండేది. ఎం.జి.ఎ.కు ఫ్యాక్టరీ నుంచే రెండు, ఒకటిన్నర అంగుళాల హెచ్4లు. అంబాసిడర్ 50 హార్స్ పవర్ దగ్గర ఆగితే ఇది 72 దాకా ఇచ్చేది. అదంతా కార్బురేటర్ల పుణ్యమే అనుకోకండి, కంప్రెషన్, క్యామ్ కూడా వేరు. సాబ్ కారులో ఆ జంట ఎప్పుడో పోయింది. ఎవరో అంబాసిడర్ మానిఫోల్డు, ఒంటి కార్బురేటర్ బిగించేశారు.

మళ్లీ ఆ జంటే వెతికి వేయాల్సింది. నాకు గొప్ప పోవాలనిపించింది. "వెబర్ 45 డి.సి.ఓ.ఇ. వేద్దాం సాబ్, రేసు కార్లకు వేసేది" అన్నాను. పాతది ఒకటి సంపాదించాను. ఆయన పింఛను డబ్బులు నలభై వేల పైమాటే ఖర్చు పెట్టించాను.

ఖాళీ రోడ్డు మీద బండి పులిలా పరుగెత్తింది. ఊళ్లో మాత్రం యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్క క్షణం ఊపిరి బిగబట్టేది. ఒకరోజు సాబ్ మనవరాలిని బడి నుంచి తీసుకొస్తూ లాల్‌బజార్ దగ్గర అడ్డంగా తిరగబోతే నడిరోడ్డు మీద ఆగిపోయింది. పక్కనుంచి వస్తున్న బస్సు జానెడు దూరంలో బ్రేకు వేసింది. సాయంత్రం ఫోను వచ్చింది. "సుబేదార్ సాబ్, పాపకు ఏమీ కాలేదు. వచ్చి కారు తీసుకెళ్లండి." అంతే, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రాత్రి వెబర్ విప్పాను. 45 అంటే త్రాటిల్ దగ్గర రంధ్రం, మిల్లీమీటర్లలో. గాలి వేగాన్ని తేల్చేది లోపల ఉండే చోక్ గొట్టం (మనం చలికి లాగే చోక్ కాదు). దీంట్లో 38 ఉంది, ఏదో రేసు ఇంజన్‌కు పెట్టింది. చిన్న ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అంత వెడల్పు గొంతులో గాలి మందగిస్తుంది. మందగించిన గాలి పెట్రోలును పైకి లాగలేదు. సరైన చోకులు, జెట్లు కొని మారిస్తే వెబర్ కూడా బాగానే పనిచేస్తుంది. తప్పు వెబర్‌ది కాదు, చూడకుండా బిగించిన నాది.

ఎస్.యు.లో ఆ గొంతు తనంతట తానే సర్దుకుంటుంది. గాలి పెరిగితే లోపలి పిస్టన్ లేస్తుంది, దానితోపాటు సూది జెట్టులోంచి పైకి వచ్చి పెట్రోలుకు దారి ఇస్తుంది. ఇంకో సంగతి, ఈ ఇంజన్ హెడ్డులో నాలుగు సిలిండర్లకు ఇన్‌లెట్ పోర్టులు రెండే. 1, 2 సిలిండర్లకు ఒకటి, 3, 4కు ఒకటి. పోర్టుకొక కార్బురేటర్ చొప్పున రెండు చాలు. నాలుగు పెట్టినా వెళ్లాల్సింది ఆ రెండు దారుల్లోనే కదా!

హెచ్4 జంట దొరకడానికి ఏడు నెలలు పట్టింది. త్రాటిల్ స్పిండిళ్లు అరిగి ఉంటే ఎంత ట్యూన్ చేసినా దండగ, అందుకని ముందు అవి మార్పించాను. తర్వాత రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, ఇంకో కొస ఒక్కో కార్బురేటర్ మూతి దగ్గర పెట్టి, రెండిటి ఈల ఒక్కలా వినిపించేదాకా స్క్రూలు తిప్పాను. ఆపైన మిశ్రమం. సన్నని స్క్రూడ్రైవర్‌తో పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు లోపు ఎత్తాలి. స్పీడు పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, ఇంజన్ పడిపోతే తక్కువ. కాస్త పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. పిస్టన్ పైని డాష్‌పాట్‌లో పలచని ఇంజన్ ఆయిల్ మరవకండి, అది లేకపోతే యాక్సిలరేటర్ తొక్కగానే మళ్లీ అదే తడబాటు.

ఇప్పుడు బంకుల్లో పెట్రోలుకు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. దానివల్ల మిశ్రమం పలచబడుతుంది. పోయినేడు జెట్టు నట్టు కొంచెం కిందికి దించాను, పాత రబ్బరు గొట్టాలు, కార్క్ ప్యాకింగులు మార్చాను.

సాబ్ మనవరాలు ఇప్పుడు ఇంజనీరింగులో ఉంది. ఆ రబ్బరు గొట్టం తన చెవిలో పెట్టుకుని "అంకుల్, వెనకది ఎక్కువ పీలుస్తోంది" అంటుంది. చాలాసార్లు నిజమే అవుతుంది.

వెబర్ డబ్బులు నేనే కట్టేశాను, సాబ్ వద్దన్నా. అది మా ఇంట్లో గుడ్డలో చుట్టి ఉంది. మీలో ఎవరి దగ్గరైనా దానికి తగిన ఇంజన్ ఉంటే చెప్పండి, చోకులు కొలిచి మరీ ఇస్తాను.

సెలవు. జైహింద్.