మళ్ళీ పెళ్ళి: ఎవరి మాటతో?



రిజిస్టర్ పెళ్ళి చేసుకున్న జంటను కొన్నాళ్ళకు పెద్దవాళ్ళు పిలిచి, "నలుగురిలో మళ్ళీ పెళ్ళి చేస్తాం" అంటారు. ఆ పిలుపు కోసం ఆడపిల్ల ఎంత ఎదురుచూస్తుందో మనకు తెలుసు. వెళ్ళవద్దని మనం అనం. కానీ 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద అధికారి, ముగ్గురు సాక్షుల ఎదుట, తమకు అర్థమయ్యే భాషలో ఒకరినొకరు స్వీకరించిన రోజే ఆ పెళ్ళి పూర్తయింది. ఇక కన్యాదానం ఎందుకు? తన మాట తానే ఇచ్చిన మనిషిని ఎవరు ఎవరికి దానం చేస్తారు? ఆ వేడుక పేరుతో కట్నం అడిగినా నేరమే. పెళ్ళి తర్వాత ఇచ్చే కట్నానికీ 1961 వరకట్న నిషేధ చట్టం వర్తిస్తుంది. అమ్మానాన్నల ముందు ఇద్దరూ అవే మాటలు మళ్ళీ చెప్పుకోవచ్చు. సర్టిఫికెట్ నకలు మాత్రం ఆమె దగ్గర ఉండేలా చూద్దాం.