వ్రాసిన అక్షరము నిలుచునా?

తిరువూరు బజారులో నేడు కంప్యూటరు లేని దుకాణము అరుదు. సెల్‌ఫోను లేని చేయి అంతకంటె అరుదు. మామిడికాయల లారీ కాటా ఎక్కినను, మందుల దుకాణమున చీటీ కావలసినను ఆ యంత్రము పలుకవలసినదే. అది చేయుచున్న మేలును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. అయితే దానిలో మనము తెలుగున వ్రాసికొనుచున్న వ్రాతలు ఎంతకాలము నిలుచును అను ప్రశ్న, మా యింట ఒక నష్టము జరుగువరకు మాకు తోచలేదు. ఆ సంగతిని శ్రోతలకు విన్నవింతుము.

మా మేనత్తగారికి పెండ్లిపాటలు, దంపుళ్ళపాటలు, ఊరగాయల కొలతలు కంఠస్థములు. 2002లో ఆమె చెప్పుచుండగా మేము నోటుపుస్తకమున ఎక్కించి, ఒక డి.టి.పి. దుకాణములో కూర్పు చేయించి, నూరు ప్రతులు వేయించితిమి. బంధువులకు పంచగా రెండు మిగిలినవి. దుకాణమువారు ఆ కూర్పును ఒక సి.డి.లో ఎక్కించి యిచ్చిరి. దానిని బీరువాలో పట్టుచీరల నడుమ దాచి, ఇక నూరేండ్లకు భయము లేదనుకొంటిమి.

నిరుడు ఆమె మనుమరాలి పెండ్లికి మరల ప్రతులు వేయింపబోగా, ఒక ప్రతిని చెదలు తినివేసియుండెను. రెండవదానిలో నడిమి పుటలు లేవు. సి.డి. ఉన్నదిగదా యని తీసితిమి. మా కొత్త ల్యాప్‌టాపునందు సి.డి. పెట్టు తావే లేదు. ఎట్టకేలకు ఒక పాత కంప్యూటరును వెదకి పట్టి తెరచితిమి. తెరమీద కనబడినవి పాటలు కావు; ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, గీతలు, ఆశ్చర్యార్థకములు కలగలిసిన గందరగోళము. మేనత్తగారు కండ్లజోడు సవరించుకొని చూచి, “ఏమర్రా, నేను పాడింది ఇదేనా?” అనిరి. మాకు తల యెత్త మొగము లేకపోయెను.

ఇట్లేల జరిగినది? కంప్యూటరునకు అక్షరములు తెలియవు. దానికి తెలిసినవి అంకెలు మాత్రమే. ఫలానా అంకెకు ఫలానా అక్షరమని మనుష్యులు ముందుగా ఒడంబడవలెను. రేడియో ముల్లును ఒక అంకె వద్ద నిలిపినచో ఒక స్టేషను పలుకుట ఎట్లో ఇదియు అట్లే. ఆనాటి డి.టి.పి. ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరముల అంకెల మీదనే తెలుగు తలకట్టును, గుడిని, ఒత్తులను బొమ్మలుగా కూర్చుండబెట్టిరి. యంత్రము తన లోపల ఇంగ్లీషే వ్రాసికొనుచుండెను. పైన తెలుగు వేషము మాత్రమే ఉండెను. ఒక్కొక్క సంస్థవారి వేషము ఒక్కొక్క తీరు. కాగితము మీద అచ్చు వేయునంతవరకు ఏ లోటును లేదు. ఆ ఫాంటు లేని యంత్రములో తెరచినంతనే వేషము తొలగి అసలు రూపు బయటపడును. మా సి.డి.లో జరిగినది ఇదియే.

దీనికి విరుగుడు అప్పటికే లేకపోలేదు. లోకములోని లిపుల కన్నిటికిని వేరువేరు అంకెలు కేటాయించు యూనికోడు అను విధానము 1991లో వెలువడినది. భారతీయ లిపులకై మన దేశమున రూపొందిన ఇస్కీ అను సంకేతముల వరుసనే అందు అనుసరించిరి. తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు లభించినవి. ‘అ’ అనగా 3077. ‘క’ అనగా 3093. తిరువూరున వ్రాసినను, అమెరికాలో చదివినను ఆ అంకె మారదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు ఫాంటు కూడ వచ్చినది. కాని పుటలు కూర్చు సాఫ్టువేరు పలుచోట్ల పాతదే యగుటచేతను, చేతులకు పాత అలవాటు ఉండుటచేతను దుకాణములు వెంటనే మారలేదు. వారిని తప్పు పట్టుట న్యాయము కాదు. అడుగవలసిన మాట మేమును అడుగలేదు.

కొత్త విధానమునందును చిక్కులు లేవని చెప్పము. మన కంటికి ‘స్త్రీ’ ఒక అక్షరము. యంత్రమునకు ఆరు అంకెలు. వానిని కూర్చి ఒక ముద్దగా చిత్రించుట సులభముగాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను అక్షరము ఒక ప్రత్యేకమైన కూర్పుతో సందేశమున వచ్చినచో, ఐఫోనులో దానిని చూపబోవు యాప్ కుప్పకూలుచుండెను. జ్ఞానమునకు మొదటి అక్షరమే యంత్రమునకు గండమయ్యెనని మనవారు నవ్వుకొనిరి. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే సవరణ వెలువరించినది. ఇందు గ్రహింపవలసినది ఒకటి కలదు: తప్పు బొమ్మ గీయుటలో జరిగినదేగాని, అక్షరముల అంకెలలో కాదు. అందుచేతనే బొమ్మను దిద్దినంతనే అంతయు చక్కబడెను. మా పాటలకు బొమ్మ పోగా అక్షరమే మిగులలేదు.

మిత్రుడొకరి వద్ద ఆ పాత ఫాంటు దొరికినది. పాత వ్రాతను యూనికోడునకు మార్చు సాధనములతో చాలవరకు బాగుపడెను; చెదరిన ఒత్తులను చేతితో సరిచేసితిమి. అప్పటికిని తేలని పాటలను మేనత్తగారు మరల పాడగా, ఫోను చేతనే విని వ్రాయించితిమి. అది ‘వియ్యపురాలా’ అనుదానిని ‘ఏ పురాలా’ అని వ్రాసెను. ఆమె, “దీనికి చెవుడు కాబోలు, గట్టిగా పాడనా?” అనిరి. పట్టణపు మాట తెలిసినంతగా పల్లె పాట దానికింకను తెలియదు. మనము వ్రాసి పెట్టినగదా అది నేర్చుకొనుట!

ఇంకొక అలవాటు కలదు. తెలుగు మాటలను ఇంగ్లీషు లిపిలో పంపుకొనుచున్నాము. తోటవారు ‘రేపు కోత’ అని అట్లు వ్రాసినచో, కొందరికది ‘కొత్త’ అనియు, కొందరికి ‘కోట’ అనియు తోచును. సందర్భమునుబట్టి నేడు అర్థమగునుగాని, పదేండ్ల తరువాత ఆ మాటను వెదకువారు ఏ వర్ణక్రమముతో వెదకవలెను? ఇంగ్లీషు మీటలు నొక్కినను తెలుగు అక్షరములే పడు సౌకర్యము నేడు ఫోనులలో ఉన్నది. కంప్యూటరున లేఖిని వంటివి ఉన్నవి. బద్ధకమునకు తప్ప వేరు సాకు లేదు.

మీ యింట పాత కూర్పు ఏదైన ఉన్నచో ఒక చిన్న పరీక్ష చేయుడు. అందులో రెండు పంక్తులను నకలు తీసి ఫోను సందేశములో అతికించుడు. తెలుగుగానే కనబడినచో మేలు. పిచ్చిగీతలుగా మారినచో అది బొమ్మయే, అక్షరము కాదు. ఆ ఫాంటు దొరకుచుండగానే మార్పించుడు. ఇకమీదట పెండ్లిపుస్తకముగాని, పెద్దల స్వీయచరిత్రగాని కూర్పించునపుడు, డబ్బు చెల్లించుటకు ముందే యూనికోడు ప్రతిని అడిగి తీసికొనుడు.

మా మేనత్తగారి పాటలు ఇప్పుడు మూడుచోట్ల ఉన్నవి: మా యంత్రములో ఒకటి, ఆమె కుమార్తె యింట ఒకటి, కాగితము మీద ఒకటి. కాగితమునకు చెదల భయము, యంత్రమునకు కాలభయము. రెంటిని నమ్మియు, ఏ ఒక్కదానినే నమ్మకయు నడచుకొనుట మేలని మా అనుభవము.