తెలివి తిరిగి వచ్చు దారి

(నాగారములో గ్రామపంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)

పంచాయతీ సభ్యులారా,

శామీర్‌పేట మీదుగా రామగుండము పోవు రాజీవ్ రహదారియు, మేడ్చల్ మీదుగా నాగపూరు పోవు రహదారియు ఈ ప్రాంతము గుండనే సాగుచున్నవి. రహదారులు సంపదను తెచ్చినవి. తలకు దెబ్బ తగిలి స్పృహలేక నెలల తరబడి పడియుండు మనుష్యులను గూడ మన యిండ్లకు చేర్చుచున్నవి. రోగి మంచముకడ బంధువులడుగు ప్రశ్న ఒక్కటే: "వీనికి తెలివి వచ్చునా?" ఒకరు ఆశకొలది భూమిని అమ్మివేయుదురు, మరియొకరు తొందరపడి ఆశ వదలుకొందురు. కావున ఈ విషయము మీరెరుగవలెను.

గొలుసుకట్టు చెరువులు మీకు తెలిసినవే. నడుమ కాలువ తెగినచో, పై చెరువు నిండియున్నను క్రింది పొలము ఎండును. మెదడును అట్టిదే. అందు సుమారు 8,600 కోట్ల నరకణములును, వానిని కలుపు సన్నని తంతువులును కలవు. స్పృహ ఏ ఒక్క మూలనో దాగియుండునది కాదు. మెదడు కాండము మేల్కొలుపగా, నడుమనున్న థలామస్ తూమువలె పనిచేయగా, పైపొరలోని భాగములు ఒకదానితో నొకటి వార్తలు పంపుకొనుటయే దానికి ఆధారము. ప్రమాదమున తల విసురుగా తిరిగినప్పుడు తంతువులు సాగి తెగును. కణములు బ్రతికియున్నను వార్తలు చేరవు.

2006లో ఇంగ్లండున ఏడ్రియన్ ఓవెన్ బృందము, ఐదు నెలలుగా ఏ స్పందనయు లేని 23 ఏండ్ల యువతిని టెన్నిసు ఆడుచున్నట్లు ఊహింపుమని కోరెను. ఆరోగ్యవంతులలో పనిచేయు మెదడు భాగమే ఆమెయందును పనిచేసినట్లు స్కానింగులో కనబడెను. 2024లో ప్రకటింపబడిన పరిశోధనలో, చెప్పినమాటకు కదలని 241 మందిలో 60 మంది మెదడులు ఆజ్ఞను అనుసరించినవి. అమెరికావాసి టెరీ వాలిస్ 1984లో గాయపడి, 2003లో మాటలాడెను; అతని మెదడులో తంతువులు మరల పెరిగిన జాడలు కానవచ్చెను.

ఇట్టివి అరుదు. అందరును కోలుకొందురనుట మోసమగును. అయినను మొదటి 28 దినములలోనే ఇక ఆశలేదని తేల్చివేయరాదని 2018నాటి అమెరికా నరాలవైద్యుల మార్గసూత్రములు తెలుపుచున్నవి. మెదడు మరణము మాత్రము వేరు. 1994నాటి చట్టము ననుసరించి వైద్యమండలి కనీసము ఆరు గంటల వ్యవధిలో రెండుమార్లు పరీక్షించి దానిని ధ్రువపరచును. దానినుండి తిరిగి వచ్చుట లేదు. ఈ భేదమును గ్రామస్థులకు మీరు వివరింపవలెను.

ప్రమాదస్థలమున గాయపడినవానిని కూర్చుండబెట్టరాదు, మెడ కదల్పరాదు, నీరు త్రాగింపరాదు. వెంటనే 108కి తెలుపవలెను. 2005 ఆగస్టు 15న మన తెలుగునేలపై మొదలైన ఈ సేవకు కేంద్రస్థానము ఈ మేడ్చల్ దారిలోని దేవరయాంజాల్‌లోనే నెలకొల్పబడినది. సహాయపడినవారిని కేసులనుండి కాపాడు నిబంధన 2019లో మోటారు వాహనముల చట్టమున చేర్చబడినది, భయము వలదు.

ఇంటికి చేరిన రోగిని పేరుపెట్టి పిలువుడు. రెండేసి గంటలకు ప్రక్కకు త్రిప్పుడు. అద్దమున అతని ముఖమును చూపి, మెల్లగా కదల్పుడు. కన్నులు వెంబడించుచున్నవేమో గమనించి, తేదీతో వ్రాసి వైద్యునకు చూపుడు. తెలివి తిరిగి వచ్చుచున్న తొలి గురుతు తరచుగా అదియే. దానిని మొదట చూడగలవారు ఇంటివారే.

ఈ మాటలను మీ రాబోవు గ్రామసభలో చదివి వినిపింప ప్రార్థన.